చిటికెన వేలు ఎత్తి గీసిన గీత

మా మావయ్య గత మంగళవారం ఉదయం ఆరూ ముప్పావుకి, గార్డెన్ రీచ్‌లోని తన ఇంటి వంటగదిలో, గుండె ఆగి పోయారు. కూలిపోయే ముందు చేతిలోని టీ గ్లాసు గట్టు మీద పెట్టారు. టీ అంచు దాకా ఉంది. పక్కన ఒలికిన మరక లేదు. కబురు అంది నేను వెళ్లేసరికి కూడా అత్త ఆ గ్లాసు తియ్యలేదు.

ఈ వివరం రాయడానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఆయనకి నిండు గ్లాసు ఇచ్చిన వాళ్లు లేరు. సగమే పోసి ఇచ్చేవారు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, తల కిందికి వంచి తాగేవారు. చేతులు వణికేవి. పోయిన చలికాలంలో ఆ వణుకుకి అల్ట్రాసౌండుతో చికిత్స చేయించుకున్నాక, ఇంటికొచ్చి అత్తతో ఆయన అన్న మొదటి మాట "నిండా పొయ్యి" అని.

ఇన్నేళ్లలో పత్రికకి చాలామంది మరణవార్తలు రాశాను. పేరు, వయసు, కారణం, మిగిలిన వాళ్లు. ఇది మాత్రం కుదురుగా కూర్చుని రాయలేకపోతున్నాను. మాటిమాటికీ లేచి ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తున్నాను. కారణం అన్న చోట నా దగ్గరున్న మాట ఒకటి, మా వాళ్లు చెప్పుకుంటున్న మాట ఇంకొకటి.

శవం ఇంకా ఇంట్లో ఉండగానే వాకిట్లో ఎవరో అన్నారు: "బుర్రలోకి సౌండు పంపించుకున్నాడు. ఊరుకుంటాదేటి మరి?"

ఆ మాట మా అమ్మ వింది. అమ్మ ఆయన సొంత చెల్లెలు. ఆమె చేతులకీ అదే వణుకు. అదే ఆస్పత్రిలో, అదే చికిత్సకి ఆమెకి తేదీ ఇచ్చి ఉన్నారు. వెంట తీసుకెళ్లాల్సింది మావయ్యే. రైల్లో ఆయన పేరున బెర్తు కూడా ఉంది.

మా తాతది శ్రీకాకుళం వైపు పల్లె. బెంగాల్‌కి రేవులో పనికొచ్చి ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గదిలో ఉండిపోయాడు. మావయ్య అక్కడే పెరిగి, గార్డెన్ రీచ్ ఓడల యార్డులో చేరారు. మొదట వెల్డర్ల దగ్గర సహాయకుడు. తర్వాత వెల్డింగ్ అతుకులు పరీక్షించే పని నేర్చుకుని, రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నారు. ఓడ పలకల అతుకు పైకి నున్నగా కనిపించినా లోపల పగులు ఉండొచ్చు. దాన్ని పట్టడానికి చిన్న పరికరంతో ఉక్కులోకి అల్ట్రాసౌండు పంపుతారు. దాన్ని ప్రోబు అంటారు. లోపల పగులుంటే శబ్దం అక్కడ తగిలి వెనక్కొస్తుంది, తెర మీద గీత ఎగురుతుంది.

విశ్వకర్మ పూజ రోజున ఇంటివాళ్లని యార్డులోకి రానిచ్చేవారు. నా చిన్నప్పుడు ఒకసారి ఆ పనిముట్టు నా చేతికిచ్చారు. ముందు గుడ్డతో పలక తుడిచారు. జిగురు పూశారు. పలకకీ ప్రోబుకీ మధ్య గాలి ఉంటే శబ్దం లోపలికి పోదట. నా చెయ్యి జారిపోతోంది.

"సిటికెన ఏలు పలకమీద ఆనించే గుంటా. సెయ్యి ఎటు తిరిగినా ఆ ఏలు కాపలా ఉంటాది."

ఆనించాను. చెయ్యి నిలిచింది. పక్కనున్న వెల్డరు నవ్వి, "మీ మామా పాస్ చెయ్యకపోతే ఓడ నీళ్లలోకి దిగదు, ఖుకీ" అన్నాడు. ఖుకీ అంటే బెంగాలీలో పాపాయి. దానికి మావయ్య, "ఈడి వెల్డు పాస్ సెయ్యాలంటే నేను కళ్లు మూసుకోవాల" అన్నారు. ఆయన ఎవరి వెల్డునీ ఊరికే పాస్ చేసేవారు కాదని తర్వాత యార్డు వాళ్లు చాలామంది చెప్పారు. పొగడ్తగా చెప్పినవాళ్లు కొందరే.

వణుకు ఉద్యోగంలో ఉండగానే మొదలైంది. ఎవరికీ తెలియలేదు. చిటికెన వేలు ఉక్కుమీద ఆనించి ఉంటే వణుకు కనిపించదు. రిటైరయ్యాక ఆనించడానికి ఉక్కు లేకపోయింది. సంతకం మారింది. గడ్డం గీసుకుంటే తెగేది. విందు భోజనాలకి వెళ్లడం మానేశారు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేలోపు సగం మెతుకులు చొక్కా మీదే ఉండేవి.

ఇలిశ చేప మానెయ్యడం వీటన్నిటికంటే పెద్ద విషయం. మన గోదావరి వాళ్లు పులస అనేది అదే. దాని ముళ్లు వెంట్రుకల్లా ఉంటాయి, వేళ్లతో తడిమి తియ్యాలి. అత్త ముళ్లు తీసి పెడతానంటే, "నేనేటి పసోడినా?" అని కంచం పక్కకి నెట్టేవారు. వానాకాలంలో వీధంతా ఇలిశ వేయించే వాసన వస్తుంటే ఆయన పప్పు, వడియాలు తినేవారు, చెంచాతో, గోడవైపు తిరిగి.

మా అమ్మ కూడా గోడవైపు తిరిగే తింటుంది. పెద్దయ్యాక వచ్చే వణుకే కదా అనుకున్నాం, మా అమ్మమ్మకీ ఉండేది కనక. ఇది పార్కిన్సన్స్ కాదనీ, కుటుంబాల్లో నడిచే వేరే వణుకనీ, చెయ్యి పనిలో ఉన్నప్పుడే ఎక్కువవుతుందనీ ఇక్కడి నరాల డాక్టరు చెప్పారు. మాత్రలు ఇచ్చారు. కొంత తగ్గింది, కానీ మావయ్య పగలంతా మగతగా ఉండేవారు. అప్పుడు డాక్టరు ఇంకో దారి చెప్పారు. పుర్రె కొయ్యకుండా, రంధ్రం పెట్టకుండా, బయటి నుంచే అల్ట్రాసౌండు పంపి, మెదడు లోపల వణుకుకి కారణమయ్యే చిన్న చోటుని వేడితో పనిచెయ్యకుండా చెయ్యడం.

మావయ్య నవ్వేశారు. డాక్టరు గదిలోనే వాదన పెట్టుకున్నారు. "సౌండుతో పగుళ్లు ఎతుకుతాం గానీ కాలుస్తామేటండీ? జన్మంతా సౌండు పెట్టి ఇనప పలకలే సూసేను. ఏనాడూ ఒక్క పలక కూడా ఎచ్చబడలేదు." నేను పక్కనే ఉన్నాను. డాక్టరు బెంగాలీ. మావయ్య తెలుగులో అన్నదాన్ని నేను బెంగాలీలో చెబితే, డాక్టరు ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చిన సంగతి గుర్తుచేశారు. ఒక్కో కిరణం ఏమీ చెయ్యదు, అన్నీ కలిసిన చోటే కాలుతుంది.

బస్సులో ఇంటిదాకా మావయ్య వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. దిగాక అన్నారు: "తప్పు నాదే. నా దగ్గిర ప్రోబు ఒకటి. ఆళ్ల దగ్గిర వొందలు. అన్నీ ఒక్క సుక్కమీదే. మరి కాలదేటి?"

ఆస్పత్రి దక్షిణాదిలో ఉంది. హౌరాలో రైలెక్కితే పెట్టెలో సగం మంది స్కాన్ కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వాళ్లే. మావయ్య ఒక్కొక్కరినీ ఏ జబ్బని అడిగి, తన జబ్బు చెప్పారు. అంతకుముందే ఆయన పుర్రె ఎముకని స్కాన్ చేసి చూశారు. అందరి ఎముకలోంచీ శబ్దం సరిగా పోదు, కొందరిని వెనక్కి పంపేస్తారు. తలంతా గొరిగారు. వెంట్రుకల మధ్య గాలి ఉంటుంది కనక. తలకి చట్రం బిగించి, నెత్తి చుట్టూ చల్లటి నీళ్లు తిరిగే టోపీలాంటిది పెట్టి, ఎమ్మారై యంత్రంలోకి పంపారు. మత్తు ఇవ్వరు. మనిషి మెలకువగా ఉండాలి, ఎందుకంటే మధ్యమధ్యలో చెయ్యి ఎలా ఉందో చూడాలి.

లోపల జరిగింది ఆయన తిరుగు రైల్లో చెప్పారు. నాకు తెలిసి ఆయన తన మీద తాను వేసుకున్న జోకు అదొక్కటే.

ముందు తక్కువ వేడితో, సరైన చోటేనా అని చూస్తారు. పలక మీద కాగితం పెట్టి, పెన్సిలిచ్చి, నత్త గుల్లలా చుట్లు గీయమంటారు. మావయ్య గీశారు. గీత నున్నగా వచ్చింది. డాక్టర్లు సంతోషించారు. పక్కన నిలబడ్డ నర్సు ఆయన చేతిని చూసింది. చిటికెన వేలు పలకమీద ఆనించి ఉంది.

"ఆ పిల్ల నా ఏలు పట్టుకుని పైకెత్తీసింది. 'అప్పా, ఇది ఎత్తి గీయండి' అంది. ఎత్తి గీసేను. రంపం పళ్లలా వొచ్చింది. చోటు కొంచెం జరిపేరు. మళ్లీ గీసేను, ఏలు ఎత్తే. అప్పుడు నిలిచింది." తర్వాత ఆయనే అన్నారు, "ఊళ్లో అందరి వెల్డులూ ఆపినోడిని. నా వెల్డు నేనే పాస్ సేసీబోయేనే గుంటా."

తిరిగొచ్చాక కొన్ని వారాలు లాంచీలో నిలబడ్డ మనిషిలా తూలుతూ నడిచారు. పెదవి తిమ్మిరిగా ఉందనేవారు. అవి తగ్గాయి. చికిత్స ఒక పక్కకే కనక ఎడమ చెయ్యి అలాగే వణికేది. కుడిచేతి వణుకు కూడా కొన్నేళ్లకి కొంత తిరిగి రావచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. ఎవరైనా "నయమైపోయిందట కదా" అంటే మావయ్య ఇవన్నీ చెప్పి ఎడమ చెయ్యి చూపించేవారు.

ఈ వానాకాలంలో పైఅంతస్తులో మేం దాదా, అంటే అన్న, అని పిలిచే బెంగాలీ ఆయన ఇంట్లో కూతురి పెళ్లి మాటలకి భోజనాలు పెట్టారు. నేనూ ఉన్నాను. ఆవపిండి పెట్టిన ఇలిశ. మావయ్య పంక్తిలో అందరి మధ్య కూర్చున్నారు. దాదా వంగి, "ఖాన్ దాదా, ఖాన్, కాంటా శాబ్‌ధానే" అన్నాడు, తినండి, ముళ్లు జాగ్రత్త అని. మావయ్య కుడిచేత్తో ముక్క విడదీసి, ఒక్కో ముల్లు తీసి ఆకు అంచున వరసగా పెట్టారు. తొందరపడలేదు. అత్త తన ఆకు వంక చూసుకోకుండా ఆయన వేళ్లే చూస్తూ కూర్చుంది. ఆమె అన్నం చల్లారిపోయింది.

"తినీవే," అన్నారు మావయ్య, "పగులు దొరికితే సెప్తాన్లే."

ఆ తర్వాతే అమ్మ వెంటపడ్డారు. ఎముక స్కాన్ ఇక్కడే చేయించి పంపించారు. ఆమె పుర్రెలోంచి శబ్దం పోతుందని అక్కడి నుంచి జవాబొచ్చింది. తేదీ ఇచ్చారు. అమ్మ జుట్టు దగ్గర ఆగిపోయింది. ఈ వయసులోనూ ఆమె జడ నడుం దాకా ఉంటుంది. వీధిలో బెంగాలీ ఆడవాళ్లు ఏ నూనె రాస్తావని అడుగుతారు.

"నెత్తి గొరిగించుకుని వీధిలో ఎలా తిరగమంటావన్నియ్యా?"

"తుప్పు గీకకుండా ప్రోబు పెడితే సౌండు లోపలికెల్దు."

"నా జుట్టు నీకు తుప్పులా కనిపిస్తన్నాదేటి?"

అట్లకాడ ఆయన వైపు విసిరింది. అది ఎక్కడికో పోయింది, చేతి వణుకు వల్లో, కోపం వల్లో. మావయ్య వంగి తీసి, కడిగి, పొయ్యి పక్కన పెట్టి, ఇంకో ఆలోచన చెప్పారు. దారిలో విశాఖపట్నంలో దిగుదాం. సింహాచలం కొండెక్కి అప్పన్నకి జుట్టు మొక్కు ఇచ్చేద్దాం. ఎవరడిగినా మొక్కు తీర్చుకున్నానని చెప్పు. ఎవరు ఏమంటారు? మా వాళ్లలో అప్పన్నకి జుట్టిచ్చిన ఆడదాన్ని ఎవరూ ఏమీ అనరు. అమ్మ అప్పటికప్పుడు ఒప్పుకుంది. విశాఖదాకా ఒక టిక్కెట్టు, అక్కణ్ణుంచి ఇంకొకటి, ఇద్దరికీ తీయించారు.

ఇక గత మంగళవారం. ఫోన్ల మీద నేను సేకరించింది ఇంతే. ధ్రువపత్రం ఇచ్చిన డాక్టరు గుండెపోటు అని రాశారు. శవపరీక్ష జరగలేదు, ఇంట్లో ఎవరూ అడగలేదు. నరాల డాక్టరు, చికిత్స అయి ఇన్ని నెలలయ్యాక వచ్చిన దీనికీ దానికీ సంబంధం కనిపించడం లేదన్నారు. గట్టిగా చెప్పమంటే, శవపరీక్ష లేకుండా అంతకు మించి చెప్పనన్నారు. ఆయన జవాబు నిజాయితీగానే ఉంది. అయినా నేను మళ్లీ చేశాను. అదే జవాబు ఇచ్చారు.

మర్నాడు అత్త ఒక మాట చెప్పింది. కొన్ని వారాలుగా మావయ్య మెట్లెక్కుతూ సగంలో కూర్చునేవారట. ఏమైందంటే, "సెప్పు ఊడిపోనాది" అనేవారట.

"హవాయి సెప్పుకి కూకోవాలేటమ్మా?" అంది అత్త. "నాకు తెలీదేటి? అడిగితే కసిరేవోడు. మెట్ల కమ్మీ పట్టుకుని కూకునేవోడు, ఇలా." తన చేత్తో చూపించింది. నాలుగు వేళ్లు కమ్మీ చుట్టూ, చిటికెన వేలు గోడకి ఆనించి.

అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. యార్డులో ఎంత చిన్న పగుళ్లకో పలకలు ఆపిన మనిషి ఆ మెట్ల మీద తనని తాను ఎన్నిసార్లు పాస్ చేసుకున్నారో తెలిసే దారి లేదు. ఇది నా ఊహ. ఊహ అనే రాస్తున్నాను. వాకిట్లో ఎవరో అన్న మాటకి మాత్రం ఆధారం ఏదీ దొరకలేదు. దొరికితే అదీ రాసేదాన్ని.

ఈ సంగతులన్నీ అమ్మకి చెప్పాను. ఆమె సౌండు మాట ఎత్తలేదు. "అన్న పోతే ఏడాది దాకా కొండెక్కకూడదట. ఎదురింటామె సెప్పింది. జుట్టు ఇచ్చే దారి లేదు. మరి ప్రయాణం ఏటికి?" అంది. తలుపు మూసినట్టు చెప్పింది.

నిన్న కర్మ ఏర్పాట్లు మాట్లాడటానికి పంతులుగారు అత్త ఇంటికి వచ్చారు. కొండ సంగతి నేనే అడిగాను. ఆయన అమ్మ వైపు తిరిగి అన్నారు: "మీరు ఈ ఇంటి ఆడపడుచే గానీ, గోత్రం వేరైపోయింది కదమ్మా. మీకు మైల మూడు రాత్రులు. అది అయిపోయింది. కొండకి నిక్షేపంగా వెళ్లండి."

అమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది. వీధిలో దుర్గాపూజ పందిరికి లారీలోంచి వెదుర్లు దింపుతున్నారు, ఆ చప్పుడులో మాట వినిపించలేదేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక, "కాయితం, పెన్సిలు తే" అంది.

వంటగట్టు మీద కాగితం పరిచి, చిటికెన వేలు ఆనించి, చుట్లు గీసింది. గీత నున్నగా వచ్చింది. ఆనించే కిటుకు ఆమెకి మావయ్య నేర్పారో, ఆమే నేర్చుకుందో నాకు తెలియదు.

"బాగానే ఉంది కదా?" అంది.

తర్వాత వేలు ఎత్తింది. పెన్సిలు కాగితం తాకకముందే మొన ఊగడం కనిపించింది. గీసింది. గీత ఒకదాన్నొకటి కొట్టుకుంటూ, చుట్టు దాటి, కాగితం దాటి గట్టు మీదికి పోయింది. రెండు చుట్లూ పక్కపక్కన ఉన్నాయి. కాగితం నా వైపు తిప్పింది.

"డాక్టరుకి ఏది పంపుతావే?"

"రెండోది."

"మరి మీ మావయ్య మొదటిదే అందరికీ సూపించుకుని ఎలిపోనాడు." కళ్లు తుడుచుకుంది, చెయ్యి మొహానికి తగలకుండా, మోచేత్తో. "టిక్కెట్టు మార్చు. కొండ తరవాత ఎక్కుతాను, సెయ్యి ఊగకుండా దణ్ణం పెడతాను. జుట్టు అక్కడే గొరగనీ."

"ఎవరైనా అడిగితే?"

"సెయ్యి కోసం ఇచ్చీసేనని సెప్తాను. మొక్కు అని అబద్ధం ఏటికి?"

ఈ శుక్రవారం మావయ్య పెద్దకర్మ. ఆయన కొడుకు తల గొరిగించుకుంటాడు. మధ్యాహ్నం భోజనాలకి అమ్మ అందరితో పంక్తిలో కూర్చుంటానంది, మెతుకులు పడితే పడతాయట. ఆ పై గురువారం హౌరాలో రైలు. మావయ్య బెర్తు రద్దు చేయించాను. తిన్నగా ఆస్పత్రి ఊరిదాకా అమ్మకి బెర్తు ఖాయమైంది, నాది వెయిటింగ్ లిస్టులో ఉంది. సోమవారం ఉదయం ఆమె జడ తీసేస్తారు. నెత్తి చుట్టూ చల్లటి నీళ్లు తిరుగుతాయి, చేతికి పెన్సిలిస్తారు. చిటికెన వేలు ఎత్తే ఉంచుతానని ఇవాళ పొద్దున్న కూడా నాకు చేసి చూపించింది, టీ గ్లాసు పట్టుకుని, ఒలుకుతున్నా దించకుండా.